రేవు అవతల అరుగు మీద లాజిక్ ట్యూషన్: పదకొండు ఆదివారాల తర్వాత

ఐదుకి నాలుగున్నర ఇస్తున్నాను. ఆ అర ఎక్కడ తగ్గించానో కింద రాశాను. మాస్టారు తన పేరు, ఊరు, ఫోన్ నంబరు ఎక్కడా పెట్టొద్దన్నారు కాబట్టి పెట్టడం లేదు. సఖినేటిపల్లి రేవు దిగి కాస్త లోపలికి వెళ్తే కొబ్బరితోటల మధ్య ఒక పెంకుటిల్లు అని మాత్రం చెబుతాను. గట్టిగా నేర్చుకోవాలనుకున్నవాళ్ళు ఆ చుట్టుపక్కల ఎవరినడిగినా దారి చూపిస్తారు. నాకూ అలాగే చూపించారు.

నాది నరసాపురం. ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ సైన్సు చెబుతూ ఎనిమిదేళ్ళయింది. పీహెచ్‌డీ చెయ్యాలని పెళ్ళికి ముందు నుంచీ కోరిక. ఈ ఏడాది ఎలాగైనా ఇంటర్వ్యూకి వెళ్ళాలని కూర్చున్నాను. పట్టుకున్న టాపిక్ మోడల్ లాజిక్‌లో ("తప్పకుండా", "కావచ్చు" లాంటి మాటలతో నడిచే తర్కం) శాటిస్ఫయబిలిటీ. అంటే, ఒక సూత్రం చేతికిచ్చి "ఇది నిజమయ్యే పరిస్థితి ఎక్కడైనా ఉందా, అసలు లేదా?" అని అడిగితే తేల్చి చెప్పడానికి కంప్యూటర్‌కి ఎంత టైము పడుతుంది, ఎంత మెమరీ కావాలి అన్నది. వినడానికి చిన్న ప్రశ్నే. లోపలికి దిగితే లోతు తెలుస్తుంది.

మొదట ఒక ఆన్‌లైన్ కోర్సుకి 18,000 రూపాయలు కట్టాను. వీడియోల్లో ఒకాయన స్లైడ్లు చదివి వినిపించడమే. ఆ బాధ సరే అనుకున్నా, క్విజ్ దగ్గర మనసు విరిగిపోయింది. "కె అనే లాజిక్‌లో శాటిస్ఫయబిలిటీ ఏ తరగతికి చెందుతుంది?" అని ప్రశ్న. కె అంటే మోడల్ లాజిక్‌లో సాదా రకం. నేను పీ-స్పేస్ కంప్లీట్ (మెమరీ మరీ పెరగకుండా తేల్చగల సమస్యల్లో అన్నిటికన్నా కష్టమైన రకం) అని పెట్టాను. వాళ్ళ కీలో ఎన్‌పీ కంప్లీట్ (జవాబు చేతికిస్తే తొందరగా సరిచూడగల సమస్యల్లో అన్నిటికన్నా కష్టమైన రకం) అని ఉంది, నా జవాబు తప్పని ఎర్రగీత వచ్చింది. మూడుసార్లు మెయిల్ రాస్తే మూడుసార్లూ "మీ సందేహం నమోదైంది" అన్న జవాబే. రెండు వారాలపాటు నేనే ఎక్కడో తప్పు చదివానేమో అని ఒకటే టెన్షన్. ఈలోపు గడువు అయిపోయి కోర్సు మూసుకుపోయింది. నా బాధ చూసి మా కాలేజీ లైబ్రేరియన్ గారు చెప్పిన పేరే ఈ మాస్టారిది. డిగ్రీ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయ్యారట. లాజిక్ అంటే ప్రాణమట, అరుగు మీద చెబుతారట.

అలా మొదలైంది. ప్రతి ఆదివారం ఉదయం బండి పంటు ఎక్కించి గోదావరి వశిష్ఠ పాయ దాటేదాన్ని. తొమ్మిదిన్నరకి మొదలెడితే పన్నెండున్నర దాకా క్లాసు. రోజుకి 400 రూపాయలు, ఆ రోజుది ఆ రోజే. ముందస్తు కట్టడాలు, రసీదులు ఏమీ లేవు. నాతో పాటు పాలకొల్లు నుంచి ఇంట్లోంచే పనిచేసుకునే సాఫ్ట్‌వేర్ కుర్రాడు ఒకతను, బీఎస్సీ చదివే అమ్మాయి ఒకతె వచ్చేవారు. ముగ్గురం చాప మీద, మాస్టారు గోడకి ఆనుకుని పీట మీద. బోర్డు లేదు. రెండు రాతిపలకలు, బలపాల డబ్బా, సత్తుగిన్నెలో తడిగుడ్డ. మొదటి రోజు అవి చూసి, ఇంత దూరం వచ్చింది దీనికోసమా అని నాకు కొంచెం నిరుత్సాహంగా అనిపించిన మాట నిజం. ఆ పలకే ఈ ట్యూషన్‌లో అన్నిటికన్నా విలువైన వస్తువని ఐదో ఆదివారం గాని తెలియలేదు.

మొదటి రోజు పాఠం ఒక చిక్కు తియ్యడంతోనే సరిపోయింది. తెలుగులో రాస్తే "మోడల్ లాజిక్"లో మోడల్, ఆ లాజిక్‌లో మనం కట్టే "మోడల్" రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఇంగ్లీషులో అవి వేరు వేరు మాటలు. మొదటిది "తప్పకుండా", "కావచ్చు" అనే తీరుకి సంబంధించింది, రెండోది నమూనా. మాస్టారు రెండోదాన్ని నమూనా అనే అంటారు, మాచేత కూడా అనిపించారు. ఇది చిన్న విషయంగా తోచొచ్చు గానీ, నా పాత నోట్సులో సగం గందరగోళం అక్కడే ఉందని ఆ రోజే గ్రహించాను.

తర్వాత లంకలు. ఇది బాగా విప్పి చెప్పాలి, ఎందుకంటే ఆయన పాఠం చెప్పే పద్ధతంతా ఇందులోనే ఉంది.

"నువ్వు రేవులో నిలబడ్డావమ్మా. ఎదురుగా కొన్ని లంకలు కనబడుతున్నాయి. కొన్ని కనబడవు. కనబడే ఏదో ఒక లంకలో కొబ్బరి ఉంది అంటే అది డైమండ్ గుర్తు. కనబడే ప్రతి లంకలోనూ కొబ్బరి ఉంది అంటే అది బాక్స్ గుర్తు. అంతేనండీ, ఇంకేం లేదు." ఒక చోటు నుంచి ఏ చోట్లు కనబడతాయి, ఏ చోట ఏది నిజం, ఈ రెండూ చెబితే నమూనా తయారైనట్టే. అమెరికా తార్కికుడు సాల్ క్రిప్కీ ఈ దారిలో మొదటి పేపరు 1959లో వేసేనాటికి ఆయనకి ఇరవయ్యేళ్ళు కూడా నిండలేదని చెప్పి, బీఎస్సీ అమ్మాయి వైపు చూసి "నీ ఈడే" అన్నారు. ఆ పిల్ల ఆ రోజంతా ఒక్క నిమిషం కూడా ఫోను తియ్యలేదు.

ఇక లెక్క. కనబడే ఏదో ఒక లంకలో కొబ్బరి ఉంది. కనబడే ఏదో ఒక లంకలో అరటి ఉంది. కనబడే ఏ లంకలోనూ రెండూ కలిసి లేవు. ఇది నిలుస్తుందా? నిలుస్తుంది, రెండు లంకలు వేసుకుంటే సరి. ఒకదాంట్లో కొబ్బరి, ఇంకోదాంట్లో అరటి. ఇప్పుడు నాలుగో మాట చేర్చారు: కనబడే ప్రతి లంకలోనూ కొబ్బరి ఉంది. అరటి లంక ఏమైంది? దాంట్లోకీ కొబ్బరి వచ్చింది, రెండూ కలవకూడదన్న షరతు విరిగింది. ఇక ఎన్ని లంకలు వేసినా ఇది నిలవదు. ఆయన "శాటిస్ఫయబుల్" అన్న మాట చాలా తక్కువ వాడతారు. "నిలుస్తుందా, నిలవదా" అనే అడుగుతారు. నాకిప్పుడు క్లాసులో అదే మాట వస్తోంది.

ఈ చిన్న లెక్కలోనే మొత్తం పద్ధతి ఉంది. ఒక్కో డైమండ్‌కీ ఒక్కో కొత్త లంక తెరవాలి. అందులోకి ఆ డైమండ్ లోపలి మాట దిగుతుంది, దాంతోపాటు బాక్సుల లోపలి మాటలన్నీ దిగుతాయి. అక్కడ పొసగకపోతే వెనక్కొచ్చి, "ఇదో అదో" అన్న చోట ఇంకో దారి పట్టి చూడాలి. ఒక మెట్టు దిగిన ప్రతిసారీ డైమండ్, బాక్సుల పొర ఒకటి ఊడిపోతుంది కాబట్టి, సూత్రంలో ఎన్ని పొరలుంటే అన్ని మెట్ల కంటే లోతుకి పోనక్కర్లేదు.

నాలుగో ఆదివారం అసలు సంగతి వచ్చింది. మాస్టారు అర పేజీ సూత్రం ఇచ్చారు. కాలవ మీద వరసగా ఐదు తూములు. మొదటి మెట్టులో మొదటి తూము తెరిచి ఉన్న లోకం (ఇందాకటి లంక లాంటిదే) ఒకటి, మూసి ఉన్న లోకం ఒకటి తప్పనిసరిగా ఉండాలి. ఆ రెంటి కిందా రెండో తూముకి మళ్ళీ తెరిచిందొకటి, మూసిందొకటి. పైన తూము ఎలా ఉందో కింద మెట్లన్నిటా అలాగే ఉండాలి. ఇలా ఐదు మెట్లు. "చార్టు మీద వేసుకురా" అన్నారు. ఇంటికొచ్చి వేశాను. మా అమ్మ లేసు అల్లుతూ పక్కన కూర్చుని, నేను గీసిన కొమ్మలు చూసి, ఒక వరసలో ఒక్కో గొలుసుకి రెండేసి పెంచుకుంటూ పోతే దారపుండ ఎక్కడ సరిపోతుందే అంది. సరిగ్గా అదే. ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు, ముప్ఫై రెండు. మొత్తం 63 లోకాలు. చార్టులో చివరి వరస రాయడానికి చోటు లేక కింద ఇంకో కాయితం అంటించాను.

తర్వాతి వారం ఆ చార్టు పక్కన పెట్టించి పలక చేతికిచ్చారు. "ఇప్పుడు ఇదే దీనిమీద చెయ్యి" అన్నారు. ఎలా పడుతుందండీ అన్నాను. "అన్నీ ఒకేసారి ఎందుకమ్మా, లస్కరు కాలవలన్నిటి మీదా ఒకేసారి నడుస్తాడా? ఒక కాలవ వెంట చివరి దాకా పోతాడు, చూస్తాడు, వెనక్కొస్తాడు, పక్క కాలవలోకి తిరుగుతాడు. ఆయ్, అంతే."

చేశాను. పై వరసలో మొదటి లోకం. కింద వరసలో మొదటి తూము తెరిచిన లోకం. దాని కింద రెండోది. అలా ఆరో వరస దాకా. ఆరో వరసలో పొసిగింది, సరే. తడిగుడ్డతో ఆ ఒక్క వరస తుడిచి, ఐదో తూము మూసిన లోకం రాశాను. అదీ పొసిగింది. ఇప్పుడు ఐదో వరసలో పని అయిపోయింది కాబట్టి దాన్నీ తుడిచి, నాలుగో తూము మూసి, మళ్ళీ కిందికి. మొదట్లో చెయ్యి తడబడింది. పావుగంటకి ఒక నడక వచ్చింది. రాయడం, చూడడం, తుడవడం. బలపం పొడి తడిసి వేళ్ళకి బూడిదరంగు బంకలా అంటుకుంది. పలక చెక్క అంచు నా ముంజేతి మీద గీత పడేంతగా ఒత్తుకుంది. పక్కన సాఫ్ట్‌వేర్ అబ్బాయి లెక్కపెడుతున్నాడు. గంటా ఇరవై నిమిషాలు పట్టింది. మొత్తం 63 సార్లు రాశాను. పలక మీద ఒక్కసారి కూడా ఆరు వరసలు దాటలేదు.

మాస్టారు అప్పుడు అడిగారు. "తూములు పది అయితే?" 2,047 సార్లు రాయాలి, పలక మీద పదకొండు వరసలు. "ఇరవై?" ఇరవై లక్షల పైచిలుకు సార్లు రాయాలి. పలక మీద ఇరవయ్యొక్క వరసలు. ఒక్కో వరసలో రాసేది కూడా మొదటి సూత్రంలోంచి ఊడిన ముక్కలే కాబట్టి వరస పొడుగు ఆ సూత్రం పొడుగును మించదు.

నేను ఎనిమిదేళ్ళుగా పిల్లలకి "పీ-స్పేస్ అంటే పాలినోమియల్ స్పేస్" అని చెబుతున్నాను. ఆ మాట అర్థం నా చేతికి తగిలింది ఆ రోజే. చోటు తుడిస్తే తిరిగి వస్తుంది. గడిచిన గంటా ఇరవై నిమిషాలు ఏ గుడ్డతో తుడిచినా తిరిగి రాలేదు. ఆన్‌లైన్ కోర్సు కీ ఎక్కడ తప్పిందో కూడా అప్పుడే తేలిపోయింది. మామూలు లాజిక్‌లో శాటిస్ఫయబిలిటీ ఎన్‌పీ కంప్లీట్ అని 1971లో కుక్ చూపించాడు, సోవియట్ దేశంలో లెవిన్ విడిగా అదే కనుక్కున్నాడు. అక్కడ ఎవరైనా జవాబు తెచ్చి చేతిలో పెడితే సరిచూడడం తేలిక, ఎందుకంటే జవాబు అంటే ఒక్క లోకం. ఏది నిజం, ఏది అబద్ధం అన్న ఒక చిన్న పట్టీ. కె లాజిక్‌లో జవాబంటే 2,047 లోకాల నమూనా కావచ్చు. దాన్ని చేతిలో పెట్టడమే ఒక పని. అందుకే ఎన్‌పీకి కావలసిన "చిన్న జవాబు" అక్కడ ఎదురుగా కనపడదు.

ఆ రోజు క్లాసు అయ్యాక మాస్టారు లోపల్నుంచి బైండు చేయించిన జిరాక్సు కట్ట తెచ్చారు. రిచర్డ్ లాడ్నర్ 1977లో సియామ్ జర్నల్ ఆన్ కంప్యూటింగ్‌లో వేసిన పేపరు. పద్నాలుగే పేజీలు. కె, టి, ఎస్4 మూడూ పీ-స్పేస్ కంప్లీట్, ఎస్5 ఎన్‌పీ కంప్లీట్ అని అందులో ఉంది (టి, ఎస్4, ఎస్5 అంటే కెకి ఒక్కో నియమం చేర్చుకుంటూ పోతే వచ్చేవి). ఆ వాక్యం మీద వేలు పెట్టి చూపించారు. నాకు కళ్ళు చెమర్చాయి. మూడు మెయిళ్ళకి రాని జవాబు అది. ఆ లాడ్నర్ తల్లిదండ్రులిద్దరూ వినికిడి లేనివాళ్ళని, తర్వాతి కాలంలో ఆయన వినపడనివాళ్ళకీ చూపులేనివాళ్ళకీ పనికొచ్చే కంప్యూటర్ పరిజ్ఞానం మీద ఎంతో పనిచేశాడని కూడా మాస్టారే చెప్పారు. పేపరు వెనక మనిషిని చూపించే అలవాటు ఆయనకి ఉంది. అది నాకు చాలా నచ్చింది.

పలకతో పీ-స్పేస్‌లో పడుతుందని తేలింది. మరి అంతకన్నా తేలిక దారి ఎందుకు దొరకడం లేదు? దానికి ఆరో వారం పులిమేక ఆట పెట్టారు. అరుగు మీద సుద్దతో గీసిన గడి ముందే ఉంది, మనవళ్ళు ఆడుకునేది. "నా ఎత్తు నా ఇష్టం, ఒక్క మంచి ఎత్తు దొరికితే చాలు. నీ ఎత్తు నా చేతిలో లేదు, నువ్వు ఏది వేసినా నాకు జవాబుండాలి." ఉంది ఒక విలువ, ఏ విలువకైనా, మళ్ళీ ఉంది ఒక విలువ, ఇలా వంతులవారీగా నడిచే సూత్రాలు నిజమా కాదా తేల్చడం పీ-స్పేస్ కంప్లీట్ అని స్టాక్‌మేయర్, మేయర్ 1973లో చూపించారు. దాన్ని లంకల భాషలోకి మార్చడం ఎంత సహజంగా ఉంటుందంటే, మన వంతులో ఒక కొమ్మ చాలు, ఎదుటివాడి వంతులో రెండు కొమ్మలూ తప్పనిసరి. తూముల సూత్రం మనకి ముందే తెలుసు, దాన్నే కాస్త సవరించాలి. కాబట్టి కె లాజిక్‌కి ఎన్‌పీలో దారి దొరికితే, వంతుల ఆటలన్నిటికీ దొరికినట్టే. ఎన్‌పీ, పీ-స్పేస్ ఒకటే అయిపోతాయి. అవి ఒకటో వేరో ఇప్పటిదాకా ఎవరూ తేల్చలేదు. ఈ పాఠం నాకు ఒక్క పూటలో ఎక్కేసింది, పెద్దగా రాయాల్సింది లేదు.

ఎస్5 మాత్రం మళ్ళీ విప్పాలి, అది నా ఇంటర్వ్యూలో పనికొచ్చింది కాబట్టి.

ఎస్5లో ఎవరికి ఎవరైనా కనబడతారు. "ఒకే లంక అనుకోండమ్మా. అందరూ ఒకే రచ్చబండ చుట్టూ కూర్చున్నారు. ఎవరికి కనబడనివాళ్ళు ఎవరూ లేరు." ఇప్పుడు వెయ్యి మంది ఉన్న నమూనా ఒకటి ఎవరో తెచ్చారు. సూత్రంలో డైమండ్లు, బాక్సులు కలిపి ఐదు. నిజమైన ప్రతి డైమండ్‌కీ సాక్షిగా ఒక్కొక్కరిని ఉంచండి. బాక్స్ అబద్ధమైతే దానికీ ఒక సాక్షి కావాలి, అతన్నీ ఉంచండి. మొదట నిలబడ్డ మనిషిని ఉంచండి. మహా అయితే ఆరుగురు. మిగతా అందరినీ ఇంటికి పంపేయండి. ఏమైనా చెడిందా? నిజమైన డైమండ్లకి సాక్షులున్నారు. "అందరిలోనూ ఉంది" అన్న మాట మనుషులు తగ్గితే చెడదు. అంతే, నమూనా చిన్నదైపోయింది, సరిచూడడం తేలికైపోయింది. అందుకే ఎన్‌పీ. కె లాజిక్‌లో ఈ పప్పులుడకవు, ఎందుకంటే అక్కడ సాక్షికి తన సొంత డైమండ్లుంటాయి, వాటి సాక్షులు తనకి కనబడాలి, మొదటివాడికి కనబడక్కర్లేదు. ఎవర్నీ ఇంటికి పంపలేం.

హాల్పెర్న్, రేగో 2007లో వేసిన పేపరు సంగతి కూడా అప్పుడే వచ్చింది. బాక్స్‌ని "నాకు తెలుసు" అని చదువుకుంటే, "నాకు తెలియదు అన్న సంగతి నాకు తెలుసు" అనే ఒక్క నియమం చేరిస్తే చాలు, పీ-స్పేస్‌లో ఉన్న కె, టి, ఎస్4 లాంటివి ఎన్‌పీకి దిగిపోతాయని వాళ్ళు చూపించారు. మాస్టారు ఇది చెప్పి చాలాసేపు ఊరుకున్నారు. మేమూ ఊరుకున్నాం. చెట్టు మీంచి కొబ్బరిమట్ట పడిన చప్పుడుకి అందరం ఉలిక్కిపడ్డాం.

మధ్యలో ఒక ఆదివారం క్లాసు జరగలేదు. ధవళేశ్వరం దగ్గర వరద 10 లక్షల క్యూసెక్కులకి చేరి మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారు, పంటు ఆపేశారు. ఆ మరుసటి వారం దాన్నే పాఠం చేశారు. హెచ్చరిక వచ్చిందని ఈ రేవు సరంగుకి తెలుసు. ఆ రేవు సరంగుకి తెలుసా? ఇతనికి తెలుసని అతనికి తెలుసా? తెలిసేవాడు ఒక్కడే ఉంటే ఎస్5లో ఎన్‌పీ. ఇద్దరైతే చాలు, పీ-స్పేస్‌కి ఎక్కేస్తుంది. "అందరికీ తెలుసు, అందరికీ తెలుసని అందరికీ తెలుసు" అని అంతులేకుండా పోయే ఉమ్మడి ఎరుక చేరిస్తే ఎక్స్‌ప్-టైమ్ కంప్లీట్ (సూత్రం పెరిగేకొద్దీ రెట్టింపులై పెరిగే టైము, అంటే ఎక్స్‌పొనెన్షియల్ టైము, పట్టే రకం). హాల్పెర్న్, మోజెస్ 1992లో ఇవన్నీ ఒక చోట పేర్చి రాశారు. ఇందులో నన్ను పట్టి కుదిపిన సంగతి: ఆ చివరిదానికి ఎక్స్‌పొనెన్షియల్ టైము తప్పదని రుజువుంది. కె లాజిక్‌కి తప్పదని మాత్రం ఇప్పటికీ ఎవరూ రుజువు చెయ్యలేదు.

ఇక తగ్గించిన అర మార్కు. ఎస్4 పాఠం సరిగ్గా జరగలేదు. ఎస్4లో కనబడినవాళ్ళకి కనబడినవాళ్ళు కూడా మనకి కనబడతారు. అందువల్ల బాక్స్ మాట మెట్టు దిగినా ఊడిపోదు, అలాగే కిందికి పోతూనే ఉంటుంది. పలక మీద వరసలు ఎక్కడా ఆగవు. అదే లోకం మళ్ళీ ఎదురైందని గుర్తుపట్టి అక్కడ ఆగాలి. అలా ఆగినా వరస మరీ పొడుగెక్కదని విడిగా రుజువు చెయ్యాలి. ఈ రెండో ముక్క చెప్పాల్సిన రోజు మాస్టారింటికి చుట్టాలొచ్చారు, పదకొండుకే లేచిపోయారు. "ఇంటి దగ్గర చూసుకోండి" అన్నారు. మూడు రాత్రులు కూర్చుని చూసుకున్నాను. అడిగి చెప్పించుకోవాల్సిందని ఇప్పుడనిపిస్తోంది, కానీ ఫీజు మాత్రం పూర్తిగా ఇచ్చాను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

నోట్సు ఇవ్వరు. పలక మీద రాసింది తుడిచేస్తారు కాబట్టి ఫొటో తీసుకుందామన్నా కుదరదు. తీస్తే ఊరుకోరు కూడా. ఇంటికెళ్ళగానే రాసుకోవాలి. నేను పంటులోనే రాసుకునేదాన్ని, బండి సీటు మీద నోట్‌బుక్ పెట్టి. ముందు ఏ వారం ఏం చెబుతారో చెప్పరు. మొదటి మూడు వారాలు కొంచెం నెమ్మదిగా సాగుతాయి, బీటెక్ చదివినవాళ్ళకి విసుగు రావచ్చు. గేట్, నెట్ పరీక్షలకని వెళ్ళేవాళ్ళకి ఇది సరిపోదు, అక్కడ కావలసింది వేగం. కరెంటు పోతే ఫ్యాన్ ఉండదు. తోట పక్కనే కాబట్టి దోమలుంటాయి, కాళ్ళకి రాసుకునేది పట్టుకెళ్ళండి.

తిండి సంగతి రాయకపోతే పాపం. పదకొండింటికి పిన్నిగారు (మాస్టారి భార్య) దిబ్బరొట్టె, చెరుకుపానకం తెచ్చి పెడతారు. అడుగు ఎర్రగా కాలి కరకరలాడుతుంది, లోపల దూదిలా ఉంటుంది. "లెక్క తర్వాత, ముందు తిను" అని పలక తీసి పక్కన పెట్టేస్తారు. మాస్టారు ఆవిడ మాటకి ఎదురు చెప్పడం నేను చూడలేదు.

నాకు పని చేసేచోట ఉపయోగపడింది కూడా ఒకటి చెప్పాలి. లాకుల ఉదాహరణ. కాలవ లాకుకి రెండు తలుపులు. రెండూ ఒకేసారి తెరుచుకోకూడదు, ఏ క్షణంలోనూ. ఇలాంటి షరతులు రాసి ప్రోగ్రాముని సరిచూడడం నేను పిల్లలకి ప్రాజెక్టుగా ఇస్తాను. ఎప్పుడు చూసినా ఒకటే అనుమానం, సమస్య పీ-స్పేస్ అయితే ఇది జరిగేపనేనా అని. మాస్టారు హాల్పెర్న్ 1995 పేపరు తీసి చూపించారు. కె లాజిక్‌లో డైమండ్, బాక్సుల పొరలు ఇన్నే అని ముందే హద్దు పెట్టేస్తే సమస్య ఎన్‌పీకి దిగుతుంది. అక్షరాల (కొబ్బరి, అరటి లాంటి విడి మాటల) సంఖ్యకి హద్దు పెడితే మాత్రం లాభం లేదు, ఒక్క అక్షరమే ఉన్నా పీ-స్పేసే. రెంటికీ హద్దు పెడితే సూత్రం పొడుగుకి తగ్గ టైములోనే అయిపోతుంది. అప్పటినుంచి పిల్లలకి ఇచ్చే ప్రాజెక్టుల్లో మొదట చూసేది పొరలు ఎన్ని అని. ఈసారి బ్యాచ్‌లో రెండు మూడు పొరలు దాటినవి ఒక్కటీ లేవు.

ఇంటర్వ్యూ అయింది. ఎస్5 ఎందుకు ఎన్‌పీకి దిగుతుందని అడిగారు. రచ్చబండ, సాక్షులు, మిగతావాళ్ళని ఇంటికి పంపడం, అంతా చెప్పాను. అడిగినాయన పెన్ను కింద పెట్టి విన్నారు. ఫలితం ఇంకా రాలేదు.

వెళ్ళాలనుకున్నవాళ్ళకి: ఆదివారం తొమ్మిదిలోపు రేవులో ఉండండి, పెళ్ళిళ్ళ రోజుల్లో పంటు దగ్గర బండ్లు బారులు తీరతాయి. వానాకాలంలో బయల్దేరేముందు వరద సంగతి కనుక్కోండి. చిల్లర పట్టుకెళ్ళండి, మాస్టారి దగ్గర ఫోన్‌పే లేదు. ఫోను సైలెంటులో పెట్టండి. మీ పలక మీరే తెచ్చుకోండి, ఆయన దగ్గర రెండే ఉన్నాయి. నేను నరసాపురంలో పుస్తకాల కొట్టులో చెక్క అంచుది కొనుక్కున్నాను. వచ్చే ఆదివారం ఎస్4 మళ్ళీ మొదటి నుంచి చెబుతానన్నారు, ఈసారి చుట్టాలొచ్చినా లేవనని పిన్నిగారి ఎదుటే మాటిచ్చారు.